మా పూల ఆట, వాళ్ల క్యాసెట్

ఆ రోజు నేనూ మా వదినా మదీనాగూడలో బొమ్మల దుకాణంలోకి వెళ్లింది మా పెద్దమ్మ మనవరాలికి పుట్టినరోజు కానుక కొనడానికి. హైవే మీద లారీల మోత దుకాణం లోపలిదాకా వస్తోంది. ఆ మోతలోంచి నాకు మా అమ్మ పాట వినిపించింది.

అమ్మ గొంతు కాదు. అమ్మ బతుకమ్మ ఆడేటప్పుడు పాడే వరుస, పాత వీడియో గేముల్లో వచ్చే కీచు శబ్దంలో. వదిన నా మణికట్టు పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి తల తిప్పి చూశాం. గల్లా పక్కన టీవీ పెట్టి, గిరాకీని పిలవడానికి వీడియో గేము ఆడిస్తున్నారు. తెర మీద పైనుంచి తంగేడు పూలు రాలుతున్నాయి. కింద ఒక తాంబాలం అటూ ఇటూ జరుగుతూ వాటిని పట్టుకుంటోంది.

"మనదేనమ్మా ఇది! అవిగో చూడు, నా గునుగు పూలు!" అంది వదిన.

మొదట కలిగింది సంతోషమే. ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని మేమిద్దరం చేసిన ఆట, ముక్కూ మొహం తెలియని దుకాణంలో ఆడుతోంది. ఎవరో పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంతలో పూలు ఒరిగి ఆట ముగిసింది. మొదటి తెర మళ్లీ వచ్చింది.

ఆ తెర మీద మా ఇద్దరి పేర్లూ ఉండాలి. లేవు. ఆ చోట నల్లగా పూసేసి ఏదో కంపెనీ పేరు పెట్టారు. అలాంటి కంపెనీ పేరు నేను ఎప్పుడూ వినలేదు. దాని కింద 'సర్వహక్కులూ మావే' అని ఇంగ్లీషులో ఉంది.

వదిన నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి.

"తీస్కోండి మేడం, కొత్తగొచ్చింది. తెలంగాణ స్పెషల్. మస్తు పోతున్నయ్," అన్నాడు దుకాణదారు, గులాబీ రంగు స్టిక్కర్ వేసిన క్యాసెట్ చూపిస్తూ.

"ఇది ఎవరు చేసిండ్రన్నా?" అని అడిగాను.

"ఎవరు చేస్తే ఏంది మేడం? మాల్ వస్తది, అమ్ముతం."

మా ఆటను మేమే కొనుక్కుని బయటికి వచ్చాం. పుట్టినరోజు కానుక సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

మాది గోపన్‌పల్లి. ఇప్పుడు చూస్తే వరసగా అపార్ట్‌మెంట్లే గానీ మా తాతల నాటి నుంచీ మా ఇల్లు అక్కడే. నాయిన చదువుకునే రోజుల్లో అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్నాడు. ఆయన ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపడానికి రాదు. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ పని చేసేదాన్ని. అన్న ఆఫీసు క్యాబు నడిపేవాడు. వదినది తెనాలి దగ్గర ఊరు. మాదాపూర్‌లోనే కార్టూన్ బొమ్మలు గీసే చిన్న స్టూడియోలో పనికి వచ్చింది. ఆమెను హాస్టల్ నుంచి స్టూడియోకి, స్టూడియో నుంచి హాస్టల్‌కి దించే క్యాబు మా అన్నదే. రెండిళ్లలోనూ కొన్నాళ్లు అలకలు నడిచాయి. ఆ తర్వాత పెళ్లయింది. కాపురానికి వచ్చిన నెలలోపే మా అమ్మ ఆమెను "నా కోడలు" అనడం మానేసి "మా పిల్ల" అనడం మొదలుపెట్టింది.

నాకు చిన్నప్పటి నుంచీ వీడియో గేములంటే పిచ్చి. టీవీకి తగిలించి, క్యాసెట్ నోటితో ఊది పెట్టి ఆడే ఆ పాత రకం. పెద్దయ్యాక తెలిసింది, ఆ పాత యంత్రాల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసేవాళ్లు లోకం నిండా ఉన్నారని. నేనూ నేర్చుకున్నాను. ఆఫీసులో పగలంతా ఎవరివో తప్పులు వెతికి, ఇంటికి వచ్చి నా తప్పులు వెతుక్కునేదాన్ని.

వదిన మొదటిసారి బతుకమ్మ పేర్చింది మా ఇంట్లోనే. అమ్మ పక్కన కూర్చుని, గుమ్మడాకు మీద తంగేడు ఒక వరస, రంగు అద్దిన గునుగు ఒక వరస, బంతి ఒక వరస పెట్టుకుంటూ, అది ఒక పక్కకి ఒరిగితే "అయ్యో అత్తయ్యా" అని రెండు చేతులా పట్టుకుంది. అది చూసి నేను "వదినా, ఇది మంచి ఆట అయితది" అన్నాను. ఆ మాట మీద మొదలైంది. పూలు రాలుతుంటే తాంబాలంలో పట్టాలి, గుండ్రంగా పేర్చాలి, ఒరిగితే పోయినట్టే. ప్రోగ్రాం రాత నాది, బొమ్మలు వదినవి, వరుస అమ్మది. ఆ పాత యంత్రం ఒక్కో చిన్న గడిలో మూడు నాలుగు రంగులకు మించి పట్టనివ్వదు. గునుగు పువ్వుకి ఉండే ఆ వెండి మెరుపు తెప్పించడానికి వదిన వారాల తరబడి ఒక్కో చుక్కా మార్చుకుంటూ కూర్చుంది. చివరికి తెల్ల చుక్క పక్కన లేత గులాబీ చుక్క పెడితే వచ్చింది. ఆ రోజు ఇల్లంతా పిలిచి చూపించింది.

పాటను యంత్రం చేత పలికించే భాగం మాత్రం నాది కాదు. దూరదేశంలో ఒక పెద్దాయన ఎప్పుడో రాసి పెట్టినది. మెయిల్ రాసి అనుమతి అడిగితే "సంతోషం, నా పేరు వేయండి చాలు" అన్నాడు. వేశాం.

ఇలాంటి ఆటల మీద మోజున్న మనవాళ్లకు ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్ ఉండేది. దాన్ని నడిపే మోడరేటర్ హైదరాబాద్ మనిషే, మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం. దేశదేశాల పాత ఆటలు ఆయన దగ్గర ఉన్నన్ని ఇంకెవరి దగ్గరా లేవని అందరూ చెప్పుకునేవారు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయనే తీర్చేవాడు. నన్ను "చెల్లె" అనేవాడు. మా ఆట పూర్తి కావస్తున్నప్పుడు, అసలైన యంత్రం మీద ఆడించి చూద్దామని తన దగ్గరున్న పాత సెట్టును సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు అన్న వాకిట్లో కూర్చుని గేటుకి రంగు వేస్తున్నాడు. అమ్మ బగారన్నం, కోడికూర చేసింది. ఆయన రెండుసార్లు వడ్డించుకుని "అమ్మా, ఈ రుచి మా అమ్మ పోయినంక మళ్ల ఇయ్యాల్నే" అన్నాడు. అమ్మకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఆటను ఫోరమ్‌లో ఉచితంగా పెట్టాం. ఎవరైనా ఆడుకోండి, ఎవరికైనా ఇవ్వండి, అమ్మకండి, మా పేర్లు తీయకండి అని రాశాం. చాలామంది మెచ్చుకున్నారు. అంతవరకే మాకు తెలుసు.

మదీనాగూడ నుంచి వచ్చిన సాయంత్రం నేను ఫోరమ్‌లో ఒక చిన్న పోస్టు పెట్టాను. కోపంగా కూడా రాయలేదు. 'మా ఆటను పేర్లు తీసేసి ఎవరో క్యాసెట్‌గా అమ్ముతున్నారు. ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఇది మా హక్కుకు సంబంధించిన విషయం' అని, దుకాణంలో కొన్న క్యాసెట్ ఫోటో జత చేశాను.

మొదట "అయ్యో" అన్నవాళ్లు వచ్చారు. ఆ వెనకే ఒకడు వచ్చాడు. 'మనమంతా ఆడేది ఎవరివో ఆటలు, ఎవరినీ అడక్కుండా దించుకున్నవి. ఇక్కడ నిలబడి దొంగతనం అంటావా?' అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ పాత ఆటలు చేసిన కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఇంకా ఉన్నాయి, వాళ్ల ఆటలు ఇప్పుడు ఎక్కడా కొనడానికి దొరకవు. దాని మీద వాదించవచ్చు. నేను వాదించడానికి సిద్ధపడే జవాబు రాస్తున్నాను. నా జవాబు పూర్తయ్యేలోపు ఇంకో పది వచ్చి పడ్డాయి. వాటిలో వాదన లేదు.

ఎవడో వదిన ఊరు కనుక్కున్నాడు. 'బతుకమ్మ మీద ఆంధ్రామెకు హక్కా?' అని ఒకడు. 'రాష్ట్రం అడిగినోళ్లు ఇప్పుడు పూలు కూడా తమవే అంటున్నారు' అని ఇంకొకడు. బయట ఎదురుపడితే జెండాలు పట్టుకుని కొట్టుకునే రెండు రకాల మనుషులూ మా దగ్గరికి వచ్చేసరికి ఒక్కటైపోయారు. ఆ తర్వాత రాసినవి నేను ఇక్కడ రాయలేను. వదిన ఒంటి గురించి, అన్న చేసే డ్రైవర్ పని గురించి, వాళ్లిద్దరికీ పెళ్లెలా జరిగి ఉంటుందన్న దాని గురించి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన బూతులు. అవి చదవడానికి కూడబలుక్కోవాలి. కూడబలుక్కుని అర్థం చేసుకున్నాక చెంప మీద కొట్టినట్టుండేది.

వదిన అన్నీ చదివింది. చదవొద్దంటే వినలేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒలిచినవి పొట్టులో వేసి, పొట్టు గిన్నెలో వేసి, నా వైపు చూసి అడిగింది.

"వీళ్లంతా ఎవరమ్మా? నేను వీళ్లకేం చేశాను?"

ఆ మనుషుల్లో చాలామంది మా చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లేనని నాకు తెలుసు. మర్నాడు ఆఫీసు లిఫ్టులో అందరూ ఫోన్లు చూసుకుంటుంటే నేను వాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాను. కొందరు పలకరించారు. ఒకాయన నా కోసం తలుపు మూసుకోకుండా పట్టుకున్నాడు.

మోడరేటర్ ఆ బూతులను తీసేయలేదు. 'అందరూ శాంతించండి' అని ఒక్క వాక్యం రాశాడు. నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. 'చెల్లె, ఆ పోస్టు నువ్వే తీసెయ్. లొల్లి సద్దుమణుగుతది.' నేను తీయలేదు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు, కరెంటు వచ్చేదాకా నమ్మకం లేదు. బంద్ ఉన్న రోజుకు బదులు మా ఆఫీసు వాళ్లు శనివారం రమ్మనేవారు. గోపన్‌పల్లిలో రోడ్డు పక్కన రిలే దీక్షల టెంటు వేశారు. నాయిన రోజూ పొద్దున టెంటు దాకా వెళ్లి, పిల్లలతో కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఆ వారంలోనే ఒక కొత్త పేరుతో ఎవరో ఫోరమ్‌లో ఫోటో పెట్టారు. మా ఇంటి గేటు, పక్కన వసారా, వసారాలో అమ్మ ఆరేసిన చీర. కింద ఇలా ఉంది: 'మన బతుకమ్మను అమ్ముకుంటున్న ఆంధ్రోళ్ల ఇల్లు. గోపన్‌పల్లిలో ఎవరినడిగినా చెప్తారు.'

అది నేను ఆఫీసులో చూశాను. అన్నకు ఫోన్ చేశాను. "పరేషాన్ గాకు, నేనున్న గద," అన్నాడు.

రెండు రోజులకు పొద్దున్నే అమ్మ ముగ్గు వేయడానికి బయటికి వెళ్లి కేకేసింది. మేమంతా పరుగెత్తాం. మా ప్రహరీ గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, తారుతో పెద్ద అక్షరాలు. అమ్మకు చదువు రాదు.

"ఏం రాసిండ్రు?" అని నాయినను అడిగింది.

నాయిన గోడ దాకా వెళ్లి, రాసింది మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత అన్నాడు, "మనల్ని ఎల్లిపొమ్మన్నరు."

"యాడికి?" అంది అమ్మ.

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగా అర్థం కాక అడిగింది. నాయిన తన చాపరాని మోచేతిని రెండో చేత్తో పట్టుకుని గోడ ముందే అరుగు మీద కూర్చుండిపోయాడు. కాఫీ తెచ్చి ఇచ్చినా ముట్టలేదు. ఆయన ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజూ ఏడవలేదు. గోడను మాత్రం కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ ఉన్నాడు. నా చిన్నప్పుడు ఆయన తన చేతులతో కట్టిన గోడ అది.

గంటలో టెంటు దగ్గరి పిల్లలు వచ్చారు. అందరూ మా ఊరి వాళ్లే. వాళ్లలో పెద్దవాడు నాయిన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా, మావోళ్లు కాదు. నీ మీద ఒట్టు. నీ ఇంటి మీద రాసుడేంది, మాకే సిగ్గయితున్నది."

"మరెవరురా?"

"తెల్వది మామా. ఎవడో నెట్ల పెట్టిండంట, మీ కోడలు ఆంధ్రామె అని. ఆడికెల్లి ఎవడొచ్చిండో."

వాళ్లే కిరసనాయిలు తెచ్చారు, గోనెపట్టాలు తెచ్చారు, గోడ రుద్దడం మొదలుపెట్టారు. అప్పటిదాకా లోపలి గదిలో ఉన్న వదిన బకెట్టుతో నీళ్లు తీసుకుని వచ్చింది. "అక్కా, మీరు లోపలికి పోండి, మేం కడుగుతం," అన్నాడు ఒక కుర్రాడు. వదిన తల అడ్డంగా ఊపి, చీర కుచ్చిళ్లు దోపుకుని వాళ్ల పక్కనే నిలబడి రుద్దింది. తారు పూర్తిగా పోలేదు. అక్షరాలు చెరిగి పెద్ద బూడిద రంగు మరకగా మిగిలింది.

ఆ సాయంత్రం బతుకమ్మ. అమ్మ కొత్త చీర తీసి వదిన మంచం మీద పెట్టింది. "రా బిడ్డా, నేనుంట నీ పక్కన. ఎవరేమంటరో నేనూ చూస్త," అంది.

"కోపం కాదత్తయ్యా. ఇవాళ నా వల్ల కాదు," అంది వదిన. అమ్మ బలవంతం చేయలేదు. తనూ వెళ్లలేదు. పేర్చిన బతుకమ్మను మా వాకిట్లోనే పెట్టి, మేం ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం.

మర్నాడు వదిన నన్ను పిలిచింది. ఫోరమ్‌లోని ఆ ఫోటోను పెద్దది చేసి కంప్యూటర్ తెర మీద పెట్టి ఉంచింది.

"ఏమ్మా, గేటు చూడు."

చూశాను. మా గేటే.

"రంగు చూడు. ఈ రెక్క నీలం. ఆ రెక్క ఇంకా పాత ఆకుపచ్చే. మీ అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఒక రెక్కే అయింది. సాయంత్రానికి రెండోది కూడా వేసేశాడు. ఈ ఫోటో తీసింది ఆ ఆదివారమే. భోజనాల వేళకి."

ఆ ఆదివారం భోజనాల వేళకు మా ఇంటికి వచ్చిన బయటి మనిషి ఒక్కడే.

నేను నమ్మలేదు. నమ్మకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను. రోడ్డున పోయేవాడెవడో తీసి ఉండొచ్చు కదా అన్నాను. వదిన వేలు తెర మీద పెట్టి వసారా చూపించింది. ఫోటో వాకిట్లోంచి, అంటే గేటుకు లోపలి నుంచి తీసింది. ఆ చిన్న వసారా గేటు పక్కనే గోడ వెనక ఉంటుంది, రోడ్డు మీంచి కనబడదు. పళ్లెం పట్టుకుని అమ్మ చేతి వంట తిన్న మనిషి, చేయి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లి, ఫోన్ తీసి సరదాగా ఒక ఫోటో తీసుకున్నాడు. అప్పుడు సరదాకే తీసి ఉంటాడు. అది ఇంకా భయంగా అనిపించింది.

మాదాపూర్‌లో ఆయన ఆఫీసు మా ఆఫీసుకు దూరం కాదు. మధ్యాహ్నం కింద క్యాంటీన్‌కు వస్తాడని తెలుసు. వెళ్లాను. నన్ను చూసి చేయి ఊపాడు.

"రా చెల్లె, కూసో. చాయ్ తాగుతవా?"

నేను కూర్చుని, ఫోన్‌లో ఆ ఫోటో తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇది మా గేటు. సగం నీలం, సగం పచ్చ. నువ్వొచ్చిన దినం తీసింది."

కాదంటాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఫోటో చూసి, చాయ్ ఒక గుక్క తాగి, "ఔ," అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"భయపెడ్దామనుకున్న, అంతే. పోస్టు తీసెయ్యమంటే తియ్యకపోతివి. నువ్వు హక్కు హక్కు అని పబ్లిక్‌ల రాస్తే, రేపు అసలు కంపెనీల వకీళ్ల కండ్లు మన మీద పడ్తయ్. ఇన్నేండ్లు కష్టపడి దాచిన ఆటలు, ఎవరూ దాయనివి, ఒక్క నోటీసుకు పోతయ్. జర నా దిక్కుకెల్లి కూడ ఆలోచించు."

"క్యాసెట్లు కూడ నువ్వేనా?"

ఆయన చెంచాతో కప్పులో తిప్పాడు. "సర్వర్ కిరాయి ఎవరు కడ్తున్నరనుకున్నవ్?"

"మా పేర్లెందుకు తీసినవ్?"

"పేర్లుంటే దుకాణపోళ్లు తీస్కోరు. కంపెనీ పేరుంటే అసలుది అనుకుంటరు. అయినా చెల్లె, ఆ పాట మీ అమ్మ కట్టిందా? ఊర్లె అందరిది గద. మీరు తీస్కుంటే తప్పు లేదు, నేను తీస్కుంటే తప్పా?"

"అమ్మ ఎవరి పేరూ చెరిపి పాడలేదన్నా," అన్నాను. నా గొంతు పైకి లేచింది. పక్క బల్లల వాళ్లు చూశారు. "మా గోడ మీద తారుతోని రాసిండ్రు. మా నాయిన ఇంటి మీద. ఎల్లిపొమ్మని."

ఆయన మొహంలో మొదటిసారి మార్పు వచ్చింది. చెంచా చేతిలోనే ఆగిపోయింది.

"గోడ మీదనా? నేను రాయలె. ఒట్టు. నాకు తెల్వనే తెల్వదు. నేను ఫోటో పెట్టిన, అంతే. నెట్ల మాట నెట్లనే ఉంటదనుకున్న. సీరియస్ తీస్కోవద్దు చెల్లె."

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే నివ్వెరపోయాడు. అగ్గిపుల్ల గీసి పడేసినవాడు ఇల్లంటుకుందంటే ఆశ్చర్యపోతున్నాడు. అతన్ని దుర్మార్గుడని తిట్టి లేచి రావడానికి వెళ్లాను. ఎదురుగా చూస్తే చాయ్ మీగడ మూతికంటిన మామూలు మనిషి కూర్చుని ఉన్నాడు. తిట్టడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఫోటో తీసేయమన్నాను. నా ఎదురుగానే తీసేశాడు. క్యాసెట్లు ఆపమన్నాను. "చూస్త," అన్నాడు. ఇదంతా తనే చేశానని ఫోరమ్‌లో రాయమన్నాను.

"అది కాదు చెల్లె. నా పేరు పోతది," అన్నాడు.

నేను లేచాను. రెండడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు.

"అమ్మ బాగున్నదా?"

ఎలా బయటపడ్డానో, ఆఫీసుకు ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు. మా టీమ్ లీడర్ నా మొహం చూసి ఇంటికి పొమ్మంది. అన్న క్యాబు తెచ్చి తీసుకెళ్లాడు. దారంతా నేను ఒకే మాట అన్నాను. "అమ్మ బాగున్నదా అని అడిగిండన్నా."

ఇంట్లో అన్న కొట్టడానికి పోతానన్నాడు. నాయిన కూర్చోబెట్టాడు. వదిన మాత్రం కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుంది. "ఆయన రాయడుగా. మనమే రాద్దాం," అంది. తిట్టు ఒక్కటీ లేకుండా, జరిగింది జరిగినట్టు ఇద్దరం కలిసి రాశాం. సగం రంగు గేటు, పూర్తి రంగు గేటు పక్కపక్కన పెట్టాం. మరక పడ్డ గోడ పెట్టాం. అప్పటిదాకా ఫోరమ్‌లో మారుపేర్లతో ఉన్నవాళ్లం, కింద ఆట మీద ఉండే మా అసలు పేర్లే రాశాం. అది వదిన పట్టుదల.

మొదటి రోజు మళ్లీ బూతులే వచ్చాయి. రెండో రోజు, పాటను పలికించే భాగం రాసిన ఆ దూరదేశపు పెద్దాయన ఫోరమ్‌లోకి వచ్చాడు. ఆయన ఇందులో సభ్యుడని కూడా మాకు తెలియదు. 'నేను రాసిన దాన్ని మీలో చాలామంది వాడారు. నన్ను అడిగింది ఈ ఇద్దరే' అని ఇంగ్లీషులో రాశాడు. ఇంకేం రాయలేదు. ఆ పోస్టు కింద సాయంత్రం దాకా ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకరిద్దరు క్షమాపణ చెప్పారు. మోడరేటర్ తన పదవి వదిలేసి, తన వెంట వచ్చేవాళ్లను తీసుకుని వేరే ఫోరమ్ పెట్టుకున్నాడు. చాలామందే వెళ్లారు. మదీనాగూడ దుకాణానికి అన్న వెళ్లి మా అసలు ఆట చూపిస్తే, "నాకెందుకీ లొల్లి," అని దుకాణదారు క్యాసెట్లు లోపల పడేశాడు. మిగతా ఊళ్లో అమ్ముతూనే ఉండి ఉంటారు. గోడ మీద రాసిందెవరో ఈ రోజు వరకూ తెలియలేదు.

వదిన ఊళ్లో వాళ్లతో ఎప్పటిలాగే మాట్లాడేది. అయితే కొత్త మనిషెవరైనా గేటు తీసుకుని లోపలికి వస్తే, వచ్చింది ఎవరని అడగకముందు వాళ్ల చేతుల వైపు చూసేది. ఫోన్ ఉందేమోనని. నాకూ అదే అలవాటైంది.

చలికాలం దాటాక ఒక మెయిల్ వచ్చింది. పంపినవాడి మారుపేరు చూడగానే గుర్తుపట్టాను. వదిన ఒంటి గురించి అన్నిటికన్నా నీచంగా రాసింది ఆ పేరే. తెరవాలా వద్దా అని ఆలోచించి, చివరికి వదిన పక్కన కూర్చున్నాక తెరిచాను.

'నమస్తే మేడం. మీ పూల ఆట మా పాప రోజూ ఆడుతుంది. ఏడో వరస పేర్చాక బంతి పువ్వు పడగానే తెర నిలిచిపోతోంది. కొంచెం సరిచేస్తారా? బొమ్మలు చాలా బాగున్నాయి.'

అంతే ఉంది. రాసిన మాటల గురించి ఒక్క ముక్క లేదు. క్షమాపణ లేదు, వెక్కిరింత లేదు. మరిచిపోయాడో, మేం మరిచిపోయామనుకున్నాడో, ఆ మాటలు అన్నది తనే అన్న స్పృహ అసలు లేదో. నేను ఆ మెయిల్‌ను మళ్లీ మళ్లీ చదివాను. బూతులు చదివినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

"చెరిపేస్త వదినా," అన్నాను.

వదిన నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. ఆట తెరిచింది. వరస మీద వరస పేర్చుకుంటూ వెళ్లింది. ఏడో వరస మీద బంతి పువ్వు పడింది. తెర నిలిచిపోయింది.

"నిజమేనమ్మా, ఆగిపోతోంది," అంది. "తప్పు మన దగ్గరే ఉంది. దిద్దు."

"వాడి కోసమా?"

"వాడి కోసం ఎవరన్నారు? తప్పున్న ఆట మీద నా పేరుంది."

నేను రాత తెరిచి, ఎక్కడ ఆగుతోందో వెతకడం మొదలుపెట్టాను. వదిన పక్కనే కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. వంటింట్లోంచి అమ్మ అన్నానికి పిలుస్తోంది. "వస్తున్నామత్తయ్యా," అని వదిన బదులిచ్చింది గానీ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.